సెలవు పెట్టని ఆటగాడు

సౌదీలోని అల్ ఖోబర్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో వీరభద్రరావు డిజైన్ ఇంజనీరు. కాకినాడ మనిషి. అతని పై అధికారి డాన్లీ అమెరికావాడు. పైపులైన్ల గురించి ఎంత మాట్లాడేవాడో, బేస్‌బాల్ గురించి అంతకు రెట్టింపు మాట్లాడేవాడు. అదీ ఇప్పటి ఆట గురించి కాదు, తన తండ్రి రోజుల నాటి ఆట గురించి.

చేరిన కొత్తలో ఓసారి, బేబ్ రూత్ పేరు విన్నావా అని అడిగాడు డాన్లీ. వీరభద్రరావుకు తెలిసిన రూత్ ఒక్కతే, మిషన్ ఆసుపత్రిలో నర్సు రూతమ్మగారు. తెలియదంటే బాగుండదని, "గ్రేట్ లేడీ, సార్" అన్నాడు. ఏడువందల పద్నాలుగు హోమ్ రన్లు బాదిన ఆ భారీ మగమనిషిని తలుచుకుని డాన్లీ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. ఆనాటి నుంచి ఇతనికి బేస్‌బాల్ నేర్పడం తన బాధ్యతగా పెట్టుకున్నాడు. హోమ్ రన్ అంటే సిక్సరు లాంటిదని వీరభద్రరావుకు తొందరగానే తెలిసింది. డిమాజియో అనే ఆటగాడు వరసగా యాభై ఆరు ఆటల్లో హిట్ కొట్టడం ఎందుకంత గొప్పో మాత్రం అంతుబట్టలేదు. అయినా శ్రద్ధగా వినేవాడు. అతని వెకేషన్ మంజూరు కావాల్సింది డాన్లీ చేతుల మీదుగానే మరి.

తొంభై ఒకటి జనవరిలో ఇరాక్‌తో యుద్ధం మొదలైంది. డాన్లీ భార్యాపిల్లలు అప్పటికే అమెరికా వెళ్ళిపోయారు. పాపం, రోజూ బ్రెడ్డు ముక్కలు తింటున్నాడని తెలిసి వీరభద్రరావు భార్య నాగమల్లేశ్వరి అతణ్ణి ఓ సాయంత్రం భోజనానికి పిలిపించింది.

గుత్తివంకాయ మారు వడ్డిస్తుండగా సైరన్ మోగింది. ముగ్గురూ కిటికీలకు టేపులు అంటించిన గదిలోకి వెళ్ళి, విషవాయువు తగలకుండా మాస్కులు తగిలించుకున్నారు. భయం పోగొట్టడానికో ఏమో, డాన్లీ మాస్కులోంచే లూ గెరిగ్ అనే పాతకాలపు ఆటగాడి కథ ఎత్తుకున్నాడు. వీరభద్రరావు దాన్ని భార్యకు తెలుగులో చెప్పాడు. ఆ మనిషి ఏళ్ళ తరబడి వరసగా రెండువేల నూట ముప్ఫై ఆటలు ఆడాడట. వేళ్ళు విరిగినా మానలేదట.

"జ్వరమొచ్చినా సెలవు పెట్టలేదాండీ?" అంది నాగమల్లేశ్వరి.

"లేదంట."

"ఆఖరికి ఏమయ్యాడో అడగండి."

డాన్లీ గొంతు తగ్గింది. నరాల జబ్బు చేసి, తనంతట తానే ఆట నుంచి తప్పుకున్నాడనీ, నలభై నిండకుండానే పోయాడనీ చెప్పాడు.

ప్రమాదం తప్పిందని సైరన్ మళ్ళీ మోగింది. మాస్కు తీసేసరికి నాగమల్లేశ్వరి కళ్ళు తడిగా ఉన్నాయి. మూడేళ్ళుగా మీకూ సెలవు లేదు కదా, ఆ మాట ఆయనతో అనండి అని భర్తను పోరింది. వీరభద్రరావు మాస్కు పట్టీలు మడవడంలో మునిగిపోయాడు. ఇక లాభం లేదని ఆవిడే డాన్లీ వైపు తిరిగింది.

"త్రీ ఇయర్స్, నో లీవ్. మై హజ్బెండ్ ఆల్సో గెరిగ్."

డాన్లీ నవ్వలేదు. తను సెలవు పెట్టి ఎన్నాళ్ళయిందో కూడా అప్పుడే గుర్తొచ్చినట్టుంది, మంచినీళ్ళు అడిగి తాగాడు.

యుద్ధం ముగిశాక వీరభద్రరావు దంపతులు కాకినాడకూ, అదే వారం డాన్లీ అమెరికాకూ బయల్దేరారు. ఇద్దరూ లేకపోతే డ్రాయింగుల మీద సంతకం ఎవరు పెట్టాలో ఇద్దరిలో ఒక్కరూ ఆలోచించలేదు. తిరిగొచ్చాక జనరల్ మేనేజరు ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి చీవాట్లు పెట్టాడు. ఇకమీదట ఒకరి తర్వాత ఒకరే వెళ్ళాలన్నాడు.

మరుసటి ఏడు ఎవరు ముందు వెళ్ళాలనే దగ్గర ఇద్దరికీ వారం రోజులు మాటల్లేవు. చివరికి నాగమల్లేశ్వరే తేల్చింది.

"డాన్లీగారికి చిన్నపిల్లలండీ. ముందు ఆయన్నే వెళ్ళనివ్వండి."