నాయనమ్మ పేరున్న పుస్తకం

నాన్నగారు ఆ పుస్తకం నా ముందు పెట్టినప్పటినుంచీ నాకు అనుమానంగానే ఉంది. స్త్రీల ధర్మాల గురించి యాభై ఏళ్ళ కిందట అచ్చయిన పుస్తకం. అట్ట మీద మా నాయనమ్మ వెంకటనరసమ్మ గారి పేరుంది. "ఆడుపిల్లకు ఉత్తరము చదువుకొనునంత విద్య చాలును" అన్నచోట నాన్నగారు వేలు పెట్టి చూపించారు.

"మీ నాయనమ్మ కంటే నీకెక్కువ తెలుసా? ఏలూరు హైస్కూలు మాట ఇక ఎత్తకు."

మా ఊరు పెదపాడు బళ్ళో ఉన్నంత చదువు అయిపోయింది. ఏలూరులో తమ ఇంట్లో ఉండి చదువుకోమని నాగరత్నం అత్తయ్య కబురు పెట్టారు. నాన్నగారికి ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు. పుస్తకం మాత్రం మొదటినుంచి చివరిదాకా చదివాను.

ఒకచోట ఇలా ఉంది: "భర్త పీటపై కూర్చున్న పిదపనే ఎసరు పెట్టి, వేడి యన్నము వడ్డింపవలయును." అన్నం ఉడికేదాకా ఆయన ఖాళీ విస్తరి చూస్తూ కూర్చోవాలా? పొయ్యి ముందు ఒక్కరోజు కూర్చున్నవారైనా ఇలా రాయరు. నా అనుమానానికి ఇంకో కారణం కూడా ఉంది. కళ్ళు ఆనడం లేదని నాయనమ్మ ఉత్తరాలు నాచేత చదివిస్తారు. కందిపప్పులో రాళ్ళు మాత్రం తనే ఏరుతారు.

మధ్యాహ్నం ఆవిడ పప్పు ఏరుతుంటే వెళ్ళి ఆ ఎసరు వాక్యం చదివి వినిపించాను. నాయనమ్మ చేట పక్కన పెట్టి నవ్వారు.

"క్షణం ఆలస్యమైతే విస్తరి విసిరికొట్టేవారమ్మా మీ తాతగారు! అలా రాశారా?"

"రాసింది మీరు కదండీ?"

నవ్వు ఆగిపోయింది.

"ఆడవాళ్ళకి ఆడది చెబితేనే నాటుతుందని మీ తాతగారే రాసి నా పేరు వేయించారు. నాకు అక్షరం ముక్క రాదే. అందులో ఏముందో ఎవరు చదివి వినిపించారు కనక?"

"నాన్నగారికి చెప్పండి."

"పోయినాయన పరువమ్మా," అని మళ్ళీ చేట అందుకున్నారు.

చదువు గురించిన వాక్యం కూడా చదివాను. దానివల్లే నా చదువు ఆగిందన్నాను. ఆమె చెయ్యి ఆగింది.

"ఉత్తరం చదువుకునేంతైనా నాకు నేర్పలేదే!"

సాయంత్రం నాన్నగారు పొలం నుంచి రాగానే నాయనమ్మ ఆయన్ని పిలిచారు.

"వెంకట్రాజూ, ఆ పుస్తకం నేను రాయలేదురా."

నాన్నగారు తల దించుకున్నారు. "తెలుసమ్మా."

"తెలిసే నా పేరు చెప్పి దాని నోరు మూయించావా? సరే. నా మాట ఇప్పుడు రాయిస్తాను. అమ్మాయ్, కార్డు తీసుకురా!"

నాగరత్నం అత్తయ్యకు రాయించారు: "పిల్లను పంపుతున్నాను. హైస్కూల్లో చేర్పించు." కింద తన పేరు పెట్టమన్నారు. నేను సొంతంగా ఒక్క మాటా కలపలేదు. అయినా రెండుసార్లు చదివించుకుని, కార్డు నా చేతిలోంచి లాక్కుని నాన్నగారికిచ్చారు.

"నువ్వు చదువు. ఇద్దరూ ఒకటే చదువుతారో లేదో చూస్తాను."

నాన్నగారు పైకి చదివారు. నాయనమ్మ ఆయన పెదవులకేసి చూస్తూ, ఒక్కొక్క మాటకీ ఒక్కొక్క వేలు మడిచారు.