బ్లఫ్టన్‌లో మంగళవారాలు

“ఫోర్ట్ వేన్ సిటీలోనే ఉందామా, చుట్టుపక్కల ఊళ్లలో చూద్దామా, అది మాత్రం పూర్తిగా నీ ఇష్టం” అని కర్ట్ అన్నప్పుడు నాడీన్ ఉతికిన మేజోళ్లకు జతలు కలుపుతోంది. జూన్ నెల, ఆదివారం పొద్దు. ఆమె చేతిలో ఉన్న నల్ల మేజోడుకి జత దొరకలేదు. దాని వంకా మొగుడి మొహం వంకా మార్చి మార్చి చూసింది. ఇరవై రెండేళ్ల కాపురంలో కర్ట్ ఏదైనా పూర్తిగా నీ ఇష్టం అన్నాడంటే అసలు సంగతి అప్పటికే తేలిపోయిందని అర్థం. కారు కొనుక్కొచ్చాక సీటు కవర్ల రంగు ఆమె ఇష్టం. సెలవులకి ఎక్కడికి వెళ్లాలో అతనే తేల్చి టిక్కెట్లు తీశాక, పెట్టెలో ఎవరి బట్టలు ఎన్ని పెట్టాలో ఆమె ఇష్టం.

నాడీన్ డెన్వర్‌లో కోర్టు స్టెనోగ్రాఫర్. ఎదుటివాళ్లు అన్న మాట అన్నట్టుగా, తడబడితే తడబాటుతో సహా కాగితం మీదికి ఎక్కించడం ఆమె పద్దెనిమిదేళ్లుగా చేస్తున్న పని. గదిలో జడ్జి కూడా ఆమెను తలెత్తి చూడడు గానీ, ఎవరు ఏమన్నారని తగాదా వస్తే మాత్రం అందరి తలలూ ఆమె వైపే తిరుగుతాయి. అప్పుడామె కాగితం చూసి నెమ్మదిగా చదువుతుంది, గది నిశ్శబ్దమైపోతుంది. ఆ నిశ్శబ్దం ఆమెకు చాలా ఇష్టం. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కూడా మాటలు ఆమె బుర్రలో అలాగే పడిపోతాయి. అందుకే ఆ ఆదివారం ఆమెకు ఒకటి వెంటనే పట్టుబడింది. సిటీనా, చిన్న ఊరా అన్న ప్రశ్న ఉంది. డెన్వర్ వదిలి వెయ్యి మైళ్ల అవతలికి వెళ్దామా వద్దా అన్న ప్రశ్న ఎక్కడా లేదు. దాన్ని దాటుకుని వచ్చేశారు.

తర్వాత రెండు నెలలూ కర్ట్ కారణాలు చెబుతూనే ఉన్నాడు. అక్కడ ఇళ్లు పెద్దవి, రోడ్లు ఖాళీ, మనుషులు మంచివాళ్లు. కూతురు చదువుకి వెళ్లిపోయింది కాబట్టి ఈ ఊళ్లో ఇక కట్టిపడేసేది ఏముంది అన్నాడు. తనది ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని చేసే ఉద్యోగం. “నా పనికి ఎక్కడున్నా ఒకటే” అని వారానికి రెండుసార్లయినా అనేవాడు. మరి నా పనో, అని ఆమె ఒకసారి అడిగింది. కోర్టులు అన్ని చోట్లా ఉంటాయిగా అన్నాడు, ఉప్పు అన్ని కొట్లలో దొరుకుతుందిగా అన్నంత తేలిగ్గా. కొత్త ఊళ్లో అందరికన్నా వెనక వరసలో నిలబడాలని, ఖాళీ ఉంటేనే కదా అని ఆమె అనబోయి ఊరుకుంది. అత్తగారి పేరు మాత్రం అతని కారణాల్లో ఒక్కసారీ రాలేదు. అదే ఆమెకు అనుమానం పుట్టించింది. ఫిబ్రవరిలో ఆ అత్తగారు, వెర్నా, మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఫోర్ట్ వేన్‌కి ముప్పావు గంట దూరంలో, బ్లఫ్టన్‌లో ఒక్కతే ఉంటుంది. ఈస్టర్‌కి కర్ట్ ఒక్కడే వెళ్లి చూసి వచ్చాడు. ఎలా ఉందని అడిగితే “బానే ఉంది, చర్చి వాళ్లు చూసుకుంటున్నారు” అన్నాడు, ఫ్రిజ్‌లోకి చూస్తూ.

ఆగస్టు చివర్లో ఇళ్లు చూడడానికి వెళ్లారు. శనివారమంతా ఇళ్లు చూపించే ఆవిడ వెంట తిరిగారు. సిటీలో నది దగ్గర ఒక పాత ఇటుకల ఇల్లు నాడీన్‌కి నచ్చింది. మేడ మీద తూర్పు కిటికీ ఉన్న చిన్న గది ఉంది. అక్కడ తన మేజా వేసుకుని, కోర్టు కాగితాలు సరిచూసుకుంటూ కూర్చున్నట్టు ఒక్క నిమిషం ఊహించుకుంది కూడా. కర్ట్ మెట్లు లెక్కపెట్టి, మోకాళ్లకి మంచిది కాదన్నాడు. ఎవరి మోకాళ్లకో చెప్పలేదు. మనిషి వారానికి మూడు రోజులు పరిగెత్తుతాడు.

బ్లఫ్టన్‌లో చూసిన ఇంటికి మెట్లే లేవు. స్నానాల గదిలో గోడకి పట్టుకునే కమ్మీలు బిగించి ఉన్నాయి. వంటింటి పక్కన ఒక పడగ్గది. ఆ గది తలుపు దగ్గర కర్ట్ జేబులోంచి టేపు తీసి వెడల్పు కొలిచాడు. మంచం పడుతుందో లేదో అన్నాడు. మంచం కొలవాలంటే గది కొలవాలి గానీ తలుపెందుకు అని నాడీన్ అనుకుంది. చక్రాల కుర్చీకి అయితే తలుపు కొలుస్తారు. ఇళ్లు చూపించే ఆవిడ అది అత్తగారికి చక్కగా సరిపోతుందని అంది. కర్ట్ “చుట్టాలొస్తే పనికొస్తుంది” అని ఆమె మాట మీద మాట వేశాడు. నాడీన్ కిటికీ బయటికి చూస్తూ నిలబడింది. రెండు మాటలూ ఆమె బుర్రలో పడ్డాయి, వరసతో సహా.

ఆ రాత్రి మంచం మీద ఆమె ఆలోచన అంతా వెర్నా మీదికే పోయింది. ఇది ముసలామె పన్నిన ఎత్తే అని తీర్మానించుకుంది. పెళ్లయిన కొత్తలో, బంగాళాదుంపల చెక్కు అంత మందంగా తీస్తే ఇల్లు గుల్లయిపోతుందని అందరి ముందూ అన్న మనిషి. కోర్టులో పని అంటే “టైపు కొట్టడమేగా” అన్న మనిషి. ఇప్పుడు కొడుకుని ముందు పెట్టి కోడల్ని రప్పించుకుంటోంది. అడిగితే కాదంటానని భయం కాబోలు. నిజానికి అడిగితే తను ఏమనేదో నాడీన్‌కి తెలియదు. తెలియకపోవడం మీదే ఆమెకు ఎక్కువ కోపం వచ్చింది. తన మనసులో ఏముందో చూసుకునే అవకాశం కూడా ఎవరూ మిగల్చలేదు.

మర్నాడు ఆదివారం. వెర్నా వాళ్ల చర్చిలో ప్రార్థన తర్వాత కింది హాల్లో భోజనాలు. తలో ఇంటి నుంచీ ఒక వంటకం వస్తుంది. చీజ్ వేసి కాల్చిన బంగాళాదుంపలు, హ్యామ్ పెట్టిన బన్నులు, ఆకుపచ్చగా వణికే జెల్లీ సలాడు. గాజు గిన్నెలన్నీ ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి ప్రతి ఆడమనిషీ తన గిన్నె అడుగున కాగితపు టేపు ముక్క అంటించి పేరు రాసుకుంటుంది. గిన్నె ఎవరింటికి తిరిగి వెళ్లాలో తెలియడానికి. తినడం అయ్యాక మగవాళ్లు మడత కుర్చీలు గోడకి చేర్చి, ఆ పనితో అలిసిపోయి కాఫీ తాగుతూ నిలబడతారు. ఆడవాళ్లు వంటగదిలోకి వెళతారు. నాడీన్‌ని ఎవరూ పిలవలేదు. ఎవరో తువ్వాలు చేతికిచ్చారు, అంతే.

“నువ్వొస్తున్నావంటే మాకెంత నిశ్చింతగా ఉందో తెలుసా అమ్మా” అంది ఆర్లిస్, సబ్బు నురగలో మోచేతుల దాకా ముంచి. వెర్నాకి నలభై ఏళ్లుగా స్నేహితురాలు. ఇంకా ఏమీ అనుకోలేదండీ అని నాడీన్ అంటే, అనుకోవడానికేముంది అన్నట్టు నవ్వి ఇంకో గిన్నె అందించింది. తుడుస్తూ తిరగేసేసరికి అడుగున టేపు. దాని మీద వణికే అక్షరాలతో నాడీన్ అని ఉంది.

ఆ పొద్దుటి దాకా ఆమె ఆ గిన్నె ఎన్నడూ చూడలేదు. పొద్దున వెర్నా వంటింట్లోంచి బంగాళాదుంపలతో వచ్చిన గిన్నె అది. ఎక్కడ పెట్టమంటారు అని అడిగింది, గొంతు మామూలుగా ఉంచుకుని. ఆ అలమరలో అంది ఆర్లిస్. అలమర తలుపు మీద ఒక పెద్ద కాగితం, దారానికి కట్టిన పెన్సిలు. పైన ‘వెర్నాకి తోడు’ అని రాసి ఉంది. మంగళ, గురువారాల్లో ఫోర్ట్ వేన్‌లో కాలి వ్యాయామానికి తీసుకెళ్లడం, భోజనం, ఇల్లు ఊడవడం. ఆ ఊళ్లో పద్ధతి ఏమిటంటే ఎవరి పేరు వాళ్లే రాసుకోవాలి, పెన్సిలుతోనే రాసుకోవాలి. రేపు కుదరకపోతే చెరుపుకోవచ్చు. ఒకరి పేరు ఇంకొకరు రాయరు, అది మర్యాద కాదు. సెప్టెంబరు దాకా ఎనిమిది మంది ఆడవాళ్లు తలో రోజు పంచుకున్నారు. ఒక్క మగ పేరు లేదు. అక్టోబరు నుంచి ఒక్కటే పేరు, నాడీన్, నవంబరు చివరి దాకా, పదిహేడు వరసల్లో. అన్నీ పెద్దక్షరాలు. నీలం సిరాతో.

ఆ అక్షరాలు ఆమె ఇరవై రెండేళ్లుగా చూస్తోంది. ఇంటి సామాన్ల జాబితాల మీద, పుట్టినరోజు కార్డుల మీద, ఫ్రిజ్ మీద అంటించే చీటీల మీద. ఇలా పెద్దక్షరాలు తప్ప చిన్నవి రాయడం కర్ట్‌కి చేతకాదు. ఇది ఎప్పటినుంచి ఉంది అని ఆమె అడిగింది. ఈస్టర్ నాడు పెట్టాం కదా, మీ ఆయనే నింపి వెళ్లాడు, పెన్సిలుతో రాయి బాబూ అంటే పర్వాలేదు మార్చే పని ఉండదన్నాడు అంది ఆర్లిస్. తలుచుకుని మురిసిపోతూ ఖాళీ ట్రేలు తీసుకుని హాల్లోకి వెళ్లింది.

ఈస్టర్ ఏప్రిల్‌లో. మేజోళ్లు జూన్‌లో. నాడీన్ చేతిలో తువ్వాలు అలాగే ఉంది. సిగ్గుగా అనిపించింది, ముందు అదే. తన పేరు నాలుగు నెలలుగా ఇక్కడ గోడ మీద ఉంది, ఊరంతా చదివింది, తను మాత్రం డెన్వర్‌లో కూర్చుని సిటీ మంచిదా చిన్న ఊరు మంచిదా అని కాగితం మీద రెండు వరసలు రాసుకుంటోంది.

వెనక నాలుగు కాళ్ల వాకర్ చప్పుడయింది. వెర్నా. గుమ్మంలో నిలబడి కోడలి మొహం చూసింది, కాగితం చూసింది.

“మీకేమని చెప్పాడు?” అని అడిగింది నాడీన్.

“నీకు కోర్టు పని విసుగొచ్చిందన్నాడు. ఇక్కడికి రావాలని నువ్వే పట్టుబడుతున్నావన్నాడు.”

“మీరు నమ్మారా?”

వెర్నా వాకర్ నెట్టుకుంటూ వచ్చి బల్ల అంచు పట్టుకుంది. “నమ్మితే నాకు సుఖం కదే అమ్మాయ్. అందుకని నమ్మాను. ఒక్క ఫోన్ చేస్తే తెలిసేది. చెయ్యలేదు.” పక్కనున్న గిన్నె మీద చెయ్యి వేసింది. “ఇది మా అత్తగారిది. పదకొండేళ్లు మా వంటింటి పక్క గదిలో ఉందావిడ. నన్నెవరూ అడగలేదు. ఏదైనా అంటే, వెర్నాకి అలవాటేలే అనేవాళ్లు. నాకేదీ అలవాటు కాలేదు.”

రాత్రంతా ఎవరి మీద కోపం పెంచుకుందో ఆ మనిషి ఎదురుగా నిలబడి నిజం చెబుతుంటే నాడీన్‌కి జాలి వేసింది. జాలి వేసినంత మాత్రాన పదిహేడు వరసలు తగ్గవని కూడా తెలుసు.

“నాకు ఉద్యోగం వదలాలని లేదండీ” అంది. ఇన్ని నెలల్లో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అది ఎంత చిన్న మాటో అప్పుడు తెలిసింది.

“మరి వదలకు” అంది వెర్నా. గోరుతో టేపు అంచు లేపడం మొదలుపెట్టింది. టేపు రెండుసార్లు జారిపోయింది, అయినా సాయం అడగలేదు.

నాడీన్ సంచిలోంచి పెన్ను తీసింది. తన వృత్తిలో ఒకసారి ఎక్కిన మాటని చెరిపెయ్యకూడదు, కొట్టేసి పక్కన రాయాలి. కొట్టేసిన మాట కూడా చదివేవాళ్లకి కనపడాలి. ఆమె ఒక్కో వరసా కొట్టేసి పక్కన రాసింది. ఇతరుల పేర్లు రాయడం మర్యాద కాదని గుర్తుంది. మర్యాద మొదట తప్పింది తను కాదు.

హాలు గుమ్మం దగ్గర కర్ట్ వీడ్కోలు చెబుతున్నాడు. ఆ ఊళ్లో వీడ్కోలంటే అరగంట. ఇక బయల్దేరతాం అన్న తర్వాత వాతావరణం, మొక్కజొన్న పంట, ఎవరి వీపునొప్పి ఎంతవరకు వచ్చిందీ అన్నీ అయ్యాక గానీ కారు దగ్గరికి రారు. ఈలోగా నాడీన్ అత్తగారిని వెనక సీట్లో కూర్చోబెట్టి, వాకర్ మడిచి డిక్కీలో పెట్టి, ముందు సీట్లో గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గుండె కొట్టుకుంటోంది గానీ భయంతో కాదు. కోర్టులో చదివి వినిపించమన్నప్పుడు కూడా ఇలాగే కొట్టుకుంటుంది.

కర్ట్ వచ్చి కూర్చుని, బెల్టు పెట్టుకుని, తల్లి వినేలా హుషారుగా అడిగాడు. “ఏమంటావ్, తేల్చుకున్నావా? సిటీనా, బ్లఫ్టనా?”

“బ్లఫ్టన్” అంది నాడీన్.

అతని మొహం వెలిగింది. నాకు తెలుసు, కాస్త టైమిస్తే నీకే నచ్చుతుందని తెలుసు అన్నాడు. తాళం తిప్పబోయాడు.

“నాకు కాదు, నీకు. నేను డెన్వర్‌లోనే ఉంటాను. నీ పనికి ఎక్కడున్నా ఒకటేగా.” గిన్నె తిరగేసి అతని ఒళ్లో పెట్టింది. అడుగున కొత్త టేపు మీద పెద్దక్షరాలతో కర్ట్ అని ఉంది. “అక్టోబరు నుంచి మంగళ, గురువారాలు నీవి. పెన్నుతోనే రాశాను. మంగళవారం పదింటికల్లా బయల్దేరాలట.”

అతను గిన్నె వంక చూశాడు. తర్వాత దిక్కుతోచక అద్దంలోంచి తల్లి వంక చూశాడు.

“పదింటికి కాదురా” అంది వెర్నా, కిటికీ బయటికి చూస్తూ. “తొమ్మిదిన్నరకి.”