రెండో తాళంచెవి

తాళాలాయన రోజూ ఇంటికి తాళం వేసి, మూడుసార్లు లాగి చూసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకుని కొట్టుకి వెళ్తాడు. ఊరందరికీ మారు తాళంచెవులు చేసిచ్చే ఆ మహానుభావుడు సొంతింటికి మాత్రం రెండోది చేయలేదు. బడిలో లెక్కలు చెప్పే భార్య ముందుగా ఇల్లు చేరితే, ఆయన వచ్చేదాకా మెట్ల మీద కూర్చోవలసిందే. పన్నెండేళ్ళుగా ఇదే వరస. నమ్మకం లేక కాదంటాడు. పారేసుకుంటుందని భయమట!

పాత టీవీ పొగలు కక్కి ఆగిపోవడంతో, ఒక సెలవురోజు ఇద్దరూ కొత్తది చూడ్డానికి వెళ్ళారు. కొనేముందు టీవీని ఎవరైనా ఆర్పే చూస్తారు కదా. ఆర్పిన తెరలో, కొనేవాళ్ళ హాలు వచ్చే ఏడాది అదే వేళకి ఎలా ఉంటుందో కనిపిస్తుంది. గోడకి నప్పిందో లేదో చూసుకుని తీసుకుంటారు.

మొదటి తెరలో తాళాలాయన ఒక్కడే ఉన్నాడు. ముందు ఒకే ఒక్క కంచం.

"నువ్వేమయ్యావు?" అన్నాడు భార్యతో.

"నాకేం తెలుసు? ఇంకా వెళ్ళలేదుగా."

ఆ జవాబు ఆయనకి మింగుడుపడలేదు. నాసిరకం సరుకని గొణుక్కుంటూ పక్కదాని దగ్గరికి నడిచాడు. అందులోనూ అంతే. పెద్ద టీవీలో కంచం మరీ పెద్దగా కనిపించింది. వెనక్కి వంగి తీగలు తడిమాడు. భార్యా, టీవీలు అమ్మే అమ్మాయీ కూడబలుక్కున్నారేమోనని ఆ అమ్మాయి వంక ఎగాదిగా చూశాడు.

"ఏ టీవీ అయినా ఇల్లు మీదే కదండీ," అందా అమ్మాయి.

ఆయన గొంతు తగ్గించి భార్యని అడిగాడు. "ఎవరితో వెళ్తున్నావు?"

"ఒక్కదాన్నే, మా అక్కావాళ్ళ ఊరికి. బదిలీకి అర్జీ రాసి సంచీలో పెట్టుకున్నాను. ఇంకా ఇవ్వలేదు. మెట్ల మీద కూర్చోవడం నా వల్ల కాదండీ."

 ఆయన గబగబా వీధి దాటి ఎదురుగా ఉన్న తన కొట్టు తెరిచాడు. మొలతాడు నుంచి తాళంచెవి విప్పి మిషనుకి బిగించాడు. తొందరలో మొదటిది పాడైంది. ముప్పై ఏళ్ళలో అలా ఎన్నడూ జరగలేదు. రెండోది కుదిరింది. వెచ్చగా ఉండగానే తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ దాని పళ్ళ మీద బొటనవేలు పోనిచ్చింది. "మన తలుపుదేనా? నా నోరు మూయించడానికి ఏదో పాతది తెచ్చారా?"

"నిజంగా మనదే."

"వెళ్ళి తెరిచి చూస్తాను. మీరిక్కడే ఉండండి. మీ దగ్గరున్నది కూడా ఇటివ్వండి."

ఆయన గుప్పిట బిగిసింది. కాసేపటికి మెల్లగా విప్పాడు. ఆవిడ రెండూ తీసుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

ఆయన ఆరిన తెర ముందు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఇక రాదేమోనని మధ్యమధ్య గుమ్మం వంక చూశాడు. తెరలో కంచం ముందు మనిషి అలాగే ఉన్నాడు. చాలాసేపటికి అతని వెనక తలుపు తెరుచుకుంది. ఆవిడ తట్టలేదు, పిలవలేదు, తాళంచెవితో తనే తీసుకుని లోపలికొచ్చింది. కూరలసంచీ కింద పెట్టి, సోఫాలో కూలబడి కాళ్ళు ఒత్తుకుంది.

తాళాలాయన కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇదే ఖాయం చేయమంటారా?" అడిగింది అమ్మాయి.

"ఉండమ్మా. ఆవిడ రావాలి, ఆవిడ చెప్పాలి."