ఉన్నదున్నట్టు చదువు

ఇంకా ఎన్నాళ్ళు కొత్తమ్మాయి అంటారో, చేరి ఎనిమిదేళ్ళు దాటింది, చెవుల దగ్గర జుట్టు నెరిసింది, తన తర్వాత ఈ ఆఫీసులో ఇంకెవర్నీ తీసుకోకపోతే అది తన తప్పా, కొత్తమ్మాయీ, డయాలిసిస్ సెంటర్ నర్సు ఫోనూ, అని మేనేజరు కేకేస్తే లేచి వెళ్తూ కూడా నవ్వొచ్చింది ఆమెకి, ఫోనెత్తాక మాత్రం ఆ నవ్వు నిలవలేదు, అమ్మా నిన్న మళ్ళీ ఒకే కుర్చీకి ఇద్దరొచ్చారు, ఒకాయన రిటైరైన డ్రాయింగు మాస్టారు, ముందొచ్చినావిడకి కుర్చీ ఇచ్చి ఈయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, చివరికి ఇవాళ రమ్మన్నాం, కాళ్ళు వాచిపోయున్నాయి, పల్లెత్తు మాట అనలేదు పాపం, నాలుగు తిట్టినా బాగుండేది, ఇవాళ మధ్యాహ్నం వాళ్ళకైనా సరిచేస్తారా అంటోంది నర్సు, చేసేశానండీ, నిన్న సాయంత్రమే, ఇక సర్వర్లో పెట్టడమే మిగిలింది, అంది ఆమె, పెట్టడమే అన్నంత తేలిగ్గా ఏదీ అయి చావదని తెలిసి కూడా.

ఆ కుర్చీలు పంచే ప్రోగ్రాం రాసింది తనే, ఒకరు కుర్చీ ఎంచుకుని ఇంకా సరే నొక్కకముందే ఇంకొకరికి అదే కుర్చీ ఖాళీగా కనిపిస్తోందని నిన్నటిదాకా తట్టలేదు, ఇప్పుడు తన కంప్యూటర్లో ఎన్నిసార్లు చూసినా ఎవరి కుర్చీ వాళ్ళదే, రాసిందంతా మూటగట్టి అక్కడెక్కడో ఉన్న సర్వర్లో దింపి వచ్చే పని టూల్‌ది, ఒక్క ఆజ్ఞ ఇస్తే చాలు, ఇచ్చింది, గబగబా వరసలు పరిగెత్తాయి, మూట కట్టడం అయిపోయింది, చివర ఎర్రగా, కనెక్షన్ రెఫ్యూజ్డ్, అంటే అవతల తలుపే తీయలేదన్నమాట, కిటికీ అవతల ఎవరో టైల్సు కోస్తున్నారు, ఆ మిషను చప్పుడు సరిగ్గా పళ్ళమధ్యే పెట్టి కోస్తున్నట్టుంది, ఇక వదినకి ఫోను చెయ్యక తప్పదు.

వదిన అంటే ఆయన అక్కగారు, ఇదే కంపెనీ, వేరే ఊళ్ళో ఆఫీసు, సర్వర్లన్నీ ఆవిడ చేతిలో ఉంటాయి, ఈ ఉద్యోగం ఖాళీ ఉందని చెప్పిందీ ఆవిడే, అందుకే ఇంకా భయం, చెప్పి పెట్టించినందుకు నా పరువు తీసిందనుకుంటుందేమోనని, ఫోనెత్తితే హలో అనదు, ఏమొచ్చింది, చదువు, అంటుంది, ఆ చదువు అన్న మాట వింటే చాలు చేస్తున్న పని ఆపి నిటారుగా కూర్చుంటుంది, నాన్న కూడా అలాగే అనేవాడు, లెక్క తప్పొస్తే పుస్తకం ముందుకు తోసి, చదువు, మళ్ళీ చదువు, మూడోసారి చదివేలోపు నెత్తిమీద మొట్టికాయ పడేది, మా అక్కంతే, మాటలు పొదుపు, అని నవ్వుతాడాయన, తమ్ముడికేం, చిన్నప్పట్నుంచీ అలవాటు.

ఏమొచ్చింది, చదువు, అంది వదిన, చదివింది, పోర్టు నంబరు పాతదే ఉంది నీ దగ్గర, ఆ తలుపు ఇప్పుడు లేదు, పోయినవారం కొత్త మెషీన్లోకి మార్చాం, ఇదిగో రాసుకో, అంది, రాసుకుని మార్చింది, ఈసారి తలుపు తెరుచుకుంది గానీ ఎదురుగా ఇంకో ఎర్రగీత, అనాథరైజ్డ్, నువ్వెవరో నాకు తెలీదు పో అని, ఇదేం విడ్డూరం, అదే పేరు, అదే పాస్‌వర్డు, బ్రౌజర్లో కొడితే ఆ సర్వర్ పేజీ శుభ్రంగా తెరుచుకుంటోంది, టూల్ వెళ్తే మాత్రం గుమ్మంలోంచే గెంటేస్తోంది, పాస్‌వర్డు రాసిన ఫైలు తెరిచి చదువు అంది వదిన, అక్షరం అక్షరం, నీకు తెలిసింది కాదు, ఉన్నదున్నట్టు, పెద్దగా చదవడం మొదలుపెట్టింది, పక్క టేబుల్ అకౌంటెంటు తలెత్తి చూశాడు, పాస్‌వర్డు బయటికి చదవకమ్మాయ్, అంది వదిన చప్పున, సర్వర్‌కి ముద్దుపేరేదో పెట్టుంటావే, అది చదువు, కుర్చీలు అడ్డగీత సర్వర్, అంది ఆమె, ఇప్పుడు ప్రాజెక్టు ఫైల్లో చదువు, అంది వదిన, కుర్చీలు, అని ఆగిపోయింది, గీత అడ్డంగా మధ్యలో లేదు, కింద నేలమీద ఉంది, ఇక్కడ కిందగీత వదినా, ఒకచోట ఒక పేరు, ఇంకోచోట ఇంకో పేరు, ఆ పేరు పట్టుకునే వెతుక్కునే టూల్‌కి పాస్‌వర్డు ఉండీ దొరకనే లేదు, ఉత్తచేతుల్తో వెళ్ళి నిలబడింది పిచ్చిమొహం, ఇంతోటి గీతకి ఇంత రాద్ధాంతం, ఇప్పుడు పడుతుంది మొట్టికాయ అనుకుంది, మార్చి మళ్ళీ పంపు, అంది వదిన, అంతే.

గడియారం చూడకూడదనుకుంటూనే చూసింది, మధ్యాహ్నం వాళ్ళు బస్సుల్లో బయల్దేరే ఉంటారు, ఆ మాస్టారు కూడా వాచిన కాళ్ళతో, మళ్ళీ పంపింది, మళ్ళీ ఎర్రగానే, ఈసారి ఫర్బిడెన్, నువ్వెవరో తెలుసు గానీ నీకు ఆ పని అప్పగించలేదు అని, దీని దుంపతెగ, పేజీలోంచి నేనే చేత్తో ఎక్కించేయనా వదినా అంటే, ఎక్కించొచ్చు, రేపు మళ్ళీ ఇక్కడే ఆగుతావు, ఒక్క నిమిషం, అంది, అటువైపు మీటల చప్పుడు, టకటక, ఆగి, టకటక, ఈ నిశ్శబ్దమే పదకొండేళ్ళుగా తనకి తెలిసిన వదిన, పెళ్ళయిన కొత్తలో కూరలో ఉప్పెక్కువైతే ఇలాగే ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు మాట్లాడక, ఏమేం వేశావు, చెప్పు, అంది, ఆ రాత్రి దుప్పట్లో ఏడ్చింది తను, మర్నాడు వదిన ఉప్పుడబ్బాలో పెద్ద చెంచా తీసేసి చిన్నది పెట్టిందని అప్పుడు చూసి కూడా పట్టించుకోలేదు, అమ్మాయ్, ఉన్నావా, అంది వదిన, ఉన్నాను వదినా, ఇది నా వల్లేనే, కొత్త మెషీన్లో నీకు పేజీలోంచి వచ్చే అనుమతిచ్చాను, టూల్‌కి వేరే ఇవ్వాలి, మర్చిపోయాను, నాదే పొరపాటు, ఇచ్చాను, పంపు.

నాదే పొరపాటు, అదే గొంతుతో అంది, ఎక్కువా లేదు తక్కువా లేదు, పోర్టు పాతది అన్నట్టే, కిందగీత మార్చు అన్నట్టే, పంపింది, వరసలు పరిగెత్తాయి, పరిగెత్తి పరిగెత్తి ఎర్రగీత లేకుండా ఆగాయి, బ్రౌజర్లో తెరిస్తే కుర్చీలన్నీ బుద్ధిగా, ఒక్కోదాని పక్కన ఒక్కటే పేరు, ఇంతలో ఆఫీసు ఫోన్లో నర్సు, వచ్చిందమ్మా, మాస్టారికి కిటికీ పక్కది పడింది, ఆయనకి అదే ఇష్టం, బయటి చెట్టు బొమ్మ వేసుకుంటారు కుడిచేత్తో, సూది ఎడమ చేతికే గనక, అని నవ్వుతోంది, అకౌంటెంటు ఏమిటి సంబరం అంటే చెట్టు బొమ్మండీ అనేసింది తిక్కగా, వదిన ఇంకా లైన్లోనే ఉంది, అయిందా, అయింది వదినా, సరే, మీ చిన్నదానికి దగ్గు తగ్గిందా, రాత్రి పడుకుంటోందా, అంది.

చిన్నదాని దగ్గు గురించి కూడా సరిగ్గా అదే గొంతు, తగ్గింది వదినా అంటూ కుర్చీలో వెనక్కి వాలింది, టైల్సు మిషను ఎప్పుడాగిందో ఆగింది, పాస్‌వర్డు గురించీ, ఉప్పు గురించీ, తన తప్పు గురించీ, ఆవిడే చేసిన తప్పు గురించీ, పసిదాని దగ్గు గురించీ ఈ మనిషికి ఉన్నది ఒక్కటే గొంతు, ఎక్కడ చిక్కుపడిందో వెతికే గొంతు, మొట్టికాయ ఆ చేతిది కాదు, ఇన్నేళ్ళూ తన చెవే నాన్న గొంతుని తెచ్చి అందులో కలుపుకుని విన్నది, వదినకి తనమీద కోపం లేదు, ఎప్పుడూ లేదు.