ఎనిమిది పలకల చోటు

తప్పంతా లారీదే. ఆరు రోజుల ముందే రావలసింది. కటక్ నుంచి దసపల్లా దాకా దారిపొడుగునా టైర్లు మార్చుకుంటూ, సరిగ్గా రజ పండగ ముందురోజు పొద్దుగూకే వేళకి కొండ మీది ఊళ్ళో వచ్చి నిలబడింది. దాన్నిండా సౌర పలకలు, రాత్రిళ్ళ కోసం వాటి బ్యాటరీలు. రజ మూడు రోజులూ భూదేవి బయట చేరుతుంది కదా, అరక కట్టరు, గడ్డపార దించరు, ఆడపిల్లలు ఉత్తకాళ్ళతో నేల మీద అడుగైనా పెట్టరు. ఉయ్యాలలూగడం, కాల్చిన బియ్యప్పిండి రొట్టె పోడపిఠా తినడం, మగాళ్ళు పేకాడుకోవడం, అంతే. మరి ఆ పలకలు నిలబెట్టాలంటే పన్నెండు గుంతలు తవ్వాలి.

ఆర్తత్రాణ పదకొండేళ్ళుగా ఆ ఊరి సెల్ టవర్‌కి కాపలాదారు. జనరేటరుకి డీజిల్ పోసేదీ, మసి తుడిచేదీ అతనే. ఇల్లు టవర్ గోడకి ఆనుకునే ఉంది. జనరేటరు పొగ సరాసరి వాళ్ళమ్మ కేతకి మంచం మీదికే వస్తుంది. దగ్గి దగ్గి విసిగిపోయి ఆవిడ కొడుక్కి తెగేసి చెప్పేసింది. "పండగ వెళ్ళేలోగా అదన్నా పోవాలి, నేనన్నా పోవాలి. మీ చెల్లెలింటికి పోయి ఉంటా." ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. అమ్మ లేని ఇల్లు అతను ఊహించుకోలేడు.

లారీతో పాటు ఇంజనీరు లోపాముద్ర దిగింది. ఏ టవర్ ఎంత పొగ వదులుతోందో కంపెనీవాళ్ళు లెక్కగట్టి, జనరేటరు తీసేసి పలకలు పెట్టడానికి ముందుగా దీన్నే ఎంచారట.

"మూడోరోజు సాయంత్రానికి లారీ వెళ్ళిపోవాలన్నా," అంది. "దాన్లో జనరేటరైనా వెళ్తుంది, పలకలైనా వెళ్తాయి. పలకలు వెళ్ళాయా, మళ్ళీ మన వంతు రెండేళ్ళకి."

తెల్లారి ఆర్తత్రాణ ధైర్యం చేసి గడ్డపార పట్టుకొచ్చేసరికి, గుంతల కోసం సున్నంతో గీసిన గుర్తుల మధ్య పీట వేసుకుని కూర్చుని ఉంది కేతకి. ఒళ్ళో తమలపాకుల పళ్ళెం.

"తవ్వితే నన్ను తవ్వు," అంది.

"నీకోసమే కదమ్మా ఇదంతా."

"నాకోసం భూదేవిని పొడుస్తావా? సిగ్గులేదూ?"

లోపాముద్ర పిన్నిని పిలిచినట్టు పిలుస్తూ నెమ్మదిగా కల్పించుకుంది. "గుంతలు వద్దులే మావుసీ. ఫ్రేములు నేల మీదే పెట్టి, కదలకుండా బండరాళ్ళు వేస్తాం."

"పడుకున్నదాని గుండెల మీద బండలు పెడతావా? మీ అమ్మకి పెడతావా అలాగ?"

పేకాట ఆపి చూస్తున్నవాళ్ళు పగలబడి నవ్వారు. లోపాముద్రకీ నవ్వొచ్చింది. కటక్‌లో వాళ్ళ అమ్మమ్మా ఇదే బాపతు.

రెండో రోజు ఇలాంటి వాదనలతోనే గడిచిపోయింది. మూడో రోజు పొద్దున్న లోపాముద్ర టేపు పట్టుకుని జనరేటరు చుట్టూ తిరిగింది. "దీని కింద సిమెంటు దిమ్మ ఉంది. అది భూదేవి కాదుగా మావుసీ?"

కేతకి ఆకు నములుతూ దిమ్మని ఎగాదిగా చూసింది. "అది మీ కంపెనీ చేసిన పాపం. దానిమీద ఏమైనా చేసుకోండి."

తీరా కొలిస్తే దిమ్మ మీద ఎనిమిది పలకలే పట్టేట్టున్నాయి. టవర్ గదిలో యంత్రాలకీ, వాటిని చల్లబరిచే ఏసీకీ కలిపి పన్నెండు కావాలి. ఆర్తత్రాణ తల పట్టుకుని కూలబడ్డాడు.

"ఏసీ ఎవరికిరా?" అడిగింది కేతకి.

"యంత్రాలకమ్మా."

"డెబ్బై ఏళ్ళదాన్ని నేను ఎండకి మాడిపోతుంటే పెట్టెలకి ఏసీనా? అవేమన్నా కొత్త పెళ్ళికూతుళ్ళా?"

లోపాముద్ర నవ్వబోయి ఆగిపోయింది. గబగబా గదిలోకి వెళ్ళి యంత్రాల వెనక రాసున్నదంతా చదివింది. పాతవి మార్చి రెండేళ్ళయింది. ఈ కొత్తవి నలభై అయిదు డిగ్రీల వేడికీ చెక్కుచెదరవు. ఏసీ తీసెయ్యాలని ఇన్నాళ్ళూ ఎవరికీ తోచలేదు, అలవాటుకొద్దీ తిరుగుతోంది. కిటికీకి జాలీ, ఒక ఫ్యానూ ఉంటే సరిపోతుంది. ఎనిమిది పలకలు చాలు.

ఇక చూడాలి హడావుడి. నేల ముట్టని పనే కాబట్టి దోషం లేదని కేతకి తీర్పు చెప్పగానే పేకాటరాయుళ్ళంతా చొక్కాలు విప్పారు. జనరేటరు ఆపితే పాత బ్యాటరీలు నాలుగు గంటలే వస్తాయి, కొత్తవి పలకలు పెట్టాకే నిండుతాయి. ఆలోగా పలకలు బిగియకపోతే పండగపూట పదకొండు ఊళ్ళ ఫోన్లు మూగబోతాయి. ఇరవై మంది వాసాలు దూర్చి జనరేటరుని ఎత్తి, ఎక్కడా దించకుండా సరాసరి లారీ ఎక్కించారు. దించితే ముసలావిడ ఊరుకోదు మరి. మబ్బులు కమ్ముకొస్తుంటే ఆర్తత్రాణకి పైప్రాణాలు పైనే పోయాయి. జనరేటరు ఆపిన మూడు గంటల యాభై నిమిషాలకి మబ్బు కాస్త విచ్చుకుంది, లోపాముద్ర స్విచ్ వేసింది, పచ్చదీపం వెలిగింది.

లారీ జనరేటరుతో కొండ దిగిపోయింది. చేతులకి ఏం పని చెప్పాలో తెలియక ఆర్తత్రాణ గోడ పక్కనే నిలబడ్డాడు.

"నాయనా, పిఠా కోశాను, రా."

వంటింట్లోంచి, మామూలు గొంతుతో. ఈ పదకొండేళ్ళూ జనరేటరు మోతలో అతన్ని పిలవాలంటే ఆవిడ గోడ దాకా వచ్చి కేకెయ్యాల్సి వచ్చేది. అమ్మ గొంతు ఇంత మెత్తగా ఉంటుందన్న సంగతే అతను మరిచిపోయాడు. వెంటనే లోపలికి వెళ్ళలేదు. ఇంకోసారి పిలుస్తుందేమోనని అక్కడే నిలబడ్డాడు.