దినచర్యకు అంతరాయం లేదు

“బుధవారమా? ఇంకేం, ఆ రోజు నీకెలాగూ సెలవే కదా!” అన్నాడు మా ఆయన వౌటర్.

నేను అప్పుడు అతని చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. ఆసుపత్రి నుంచి వచ్చిన ఉత్తరంలో నా రొమ్ములోని గడ్డ తీసే తేదీ చూసి, నా అదృష్టాన్ని మెచ్చుకున్నట్టే అన్నాడా మాట. అప్పటికే ముడతలు పోయిన కాలర్ మీద ఇస్త్రీపెట్టె ఇంకో రెండుసార్లు తోశాను.

నా సెలవు సంగతి చెప్పాలి. మా దేశంలో బుధవారం బడి మధ్యాహ్నానికే వదిలేస్తారు కాబట్టి ఆ రోజు నేను ఉద్యోగానికి వెళ్ళను, ఆ రోజు జీతమూ రాదు. అందరూ దాన్ని ముద్దుగా ‘అమ్మ రోజు’ అంటారు. ఆ రోజు మా అమ్మాయి ఫెన్నాను బడి నుంచి తెచ్చి, తినిపించి, ఈతకు తీసుకెళ్ళి, దారిలో అత్తగారి మందులు కొని, వారానికి సరిపడా సామాన్లు సైకిల్ మీద వేసుకుని ఇల్లు చేరతాను. ఫెన్నా పుట్టినప్పుడు వౌటర్ కూడా శుక్రవారం ‘నాన్న రోజు’ తీసుకున్నాడు. నాలుగు నెలలు తిరక్కుండానే అతను లేకపోతే ఆఫీసు మునిగిపోయేలా ఉందని తేలింది. నేను లేకపోతే ఏదీ మునగదు కాబట్టి నా బుధవారం తొమ్మిదేళ్ళుగా అలాగే సాగుతోంది.

మిగతా నాలుగు రోజులూ నేను చేసే ఉద్యోగం ఏమిటో చెబితే నవ్వుతారు. చేతికి తగలని రొమ్ము గడ్డ ఎక్కడుందో ఆపరేషన్‌కు ముందే గుర్తుపెట్టే పరికరాల మార్కెట్ ఎటు పోతోందో నివేదికలు రాస్తాను. పాత పద్ధతి తీగ. ఆపరేషన్ రోజు పొద్దున్నే సన్నటి తీగ గుచ్చి, కొస బయటికి వేలాడుతుంటే దాని మీద ప్లాస్టరేసి మనిషిని లోపలికి పంపిస్తారు. కొత్తది అయస్కాంతపు గింజ. బియ్యపు గింజంత ఉంటుంది. వారాల ముందే పెట్టేసి ఇంటికి పంపించేయొచ్చు. ఏటికేడు తీగ వాటా తగ్గుతోంది, గింజ వాటా పెరుగుతోంది. ఎందుకు పెరుగుతోందో పోయినేడాది ఒక్క ముక్కలో రాశాను: ‘రోగి దినచర్యకు అంతరాయం లేదు.’ మా మేనేజరు యోస్ట్‌కు అది తెగ నచ్చింది. దాన్నే శీర్షిక చేసి నాలుగు దేశాల సభల్లో తన మాటగా చదివొచ్చాడు.

నా దినచర్యకూ అంతరాయం లేకపోయింది. ఆపరేషన్‌కు ముందటి గురువారం భోజన విరామంలో వెళ్ళి గింజ పెట్టించుకున్నాను. రెండింటికల్లా సమావేశంలో ఉన్నాను.

ఆదివారం అత్తగారి పుట్టినరోజు. మా ఇంట్లోనే చేశాం. ఇక్కడి ఆనవాయితీ ప్రకారం హాల్లో గుండ్రంగా కుర్చీలు వేశాను. వచ్చినవాళ్ళంతా అత్తగారితో పాటు మా అందరినీ కూడా అభినందించాలి. అలా పద్నాలుగు మంది నన్ను దగ్గరికి తీసుకుని బుగ్గల మీద మూడేసి ముద్దులు పెట్టారు. ఒత్తుకున్న ప్రతిసారీ సూది దిగిన చోట సలిపింది. యాపిల్ కేకు పట్టుకొచ్చి చూద్దును కదా, నాకు కూర్చోడానికి కుర్చీ లేదు. కుర్చీలు లెక్కపెట్టి వేసింది నేనే. నన్ను నేను లెక్కలో వేసుకోలేదు.

“చూశారా మా హెస్టర్‌ని! లోపల ఏదో పెట్టారట, మనిషిలో ఏమైనా తేడా ఉందా?” అంది అత్తగారు గర్వంగా. “మా రోజుల్లో అయితే మంచమెక్కేవాళ్ళం. అమ్మాయ్, ఎలాగూ నిలబడే ఉన్నావుగా, ఆ కాఫీ కూడా అందించెయ్.”

అందరూ నన్ను మెచ్చుకుంటూ నవ్వారు. వౌటర్ అందరికన్నా గట్టిగా నవ్వాడు. ట్రే పట్టుకుని కుర్చీల మధ్య నిలబడ్డ నాకు ఒక్కసారిగా ఏడుపు ముంచుకొచ్చింది. మా అమ్మ ఈ జబ్బుతోనే పోయింది. నాకు భయంగా ఉంది, చచ్చేంత భయంగా ఉంది. ఆ గదిలో ఎవరికీ ఆ భయం సంగతి తెలియదు, తెలియకుండా ఉండడానికి నేను పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. కాఫీ అందించాను.

సోమవారం పొద్దున్నే యోస్ట్ నా బల్ల దగ్గరికి వచ్చాడు.

“ఈసారి నివేదికలో నీ వాక్యం కనబడలేదేంటి?”

“తీసేశాను. ఎవరి దినచర్య, ఆ చర్యలన్నీ చేసేదెవరు అని ఒక ప్రశ్న కలుపుదాం. ఆడవాళ్ళనే అడుగుదాం.”

“కొనేది ఆసుపత్రులు తల్లీ, ఆడవాళ్ళు కాదు.”

“పెట్టించుకునేది?”

యోస్ట్ నవ్వి, నా కీబోర్డు తన వైపు లాక్కుని ఆ వాక్యాన్ని తనే మళ్ళీ టైపు చేశాడు. “ఎల్లుండి ఆపరేషన్ పెట్టుకుని ఇవాళ ఆఫీసుకొచ్చావు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి హెస్టర్?” అని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

కూర్చోలేకపోయాను. నిలబడే ఉండి కంప్యూటర్ తెర వైపు చూశాను. ఆ వాక్యం కింద నేనే రాసిన రెండో ప్రయోజనం ఉంది: ‘ఆపరేషన్ తేదీని వీలునుబట్టి మార్చుకోవచ్చు.’ ఆసుపత్రి వీలు గురించే రాశానది. తీగ అయితే గుచ్చిన రోజే కోయాలి, గింజ మాత్రం ఆగుతుంది. ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివి, ఫోను తీసుకుని వరండాలోకి నడిచాను.

ముందు వౌటర్‌కు రాశాను: ‘ఈ బుధవారం బడీ, ఈతా, మీ అమ్మ మందులూ నువ్వే చూసుకో. నేను ఇంట్లో ఉండను.’ ఎక్కడుంటానో నాకే తెలియదు. రైలెక్కి సముద్రం దాకా పోయి ఇసుకలో కూర్చుని, ఏడవాలనిపించినంత సేపు ఏడుస్తానేమో.

ఆ తర్వాత ఆసుపత్రికి ఫోన్ చేశాను.

“గురువారానికా? మీది గింజే కదా, ఇబ్బందేం లేదు. గురువారం పది గంటలకు ఖాళీ ఉంది,” అంది నర్సు. “మార్చడానికి కారణం ఏమని రాయమంటారు?”

“బుధవారం నాకు సెలవండీ,” అన్నాను.