పెద్దాయనకి అబద్ధం పడదు

తెల్లారి పాలవాడు రాకముందే బండక్క బానెట్ ఎత్తుతుంది. రేడియేటర్ మూత తిప్పి నీళ్ళు చూస్తుంది, ఆయిల్ చూస్తుంది, ముందద్దం తుడుస్తుంది. తన మొహం కడుక్కోవడం ఆ తర్వాతే. మంచినీళ్ళ క్యాన్లు నలభై ఎక్కించుకుని మెరక వీధికి బయల్దేరే వేళకి ఊరు ఇంకా ఆవులిస్తూ ఉంటుంది. బండి నడుపుతుంది కాబట్టి బండక్క అంటారు కొందరు. మనసు బండ కాబట్టి అంటారు ఇంకొందరు. ఆవిడ ఎవరు పిలిచినా పలుకుతుంది.

బండి వాళ్ళ నాన్నది. ముప్ఫై ఏళ్ళు దాటిన పికప్. దాన్ని అందరూ పెద్దాయన అంటారు. పెద్దాయనకి అబద్ధం పడదు. లోపల కూర్చుని గానీ బానెట్ మీద చెయ్యి వేసి గానీ ఎవరైనా అబద్ధమాడితే, వేడి చూపించే ముల్లు చటుక్కున లేచి ఎర్ర గీత వైపు పోతుంది. నిజం ఒప్పుకోగానే దిగుతుంది. కొందరికి దుమ్ము పడదు, కొందరికి ఎండ పడదు, ఈ బండికి ఇది పడదు, అంతే. కిరాణా కొట్టాయన సరుకు తాజాదని చెప్పేటప్పుడు బండికి నాలుగడుగులు ఎడంగా నిలబడి చెబుతాడు.

అలాంటి పెద్దాయన నెల రోజులుగా రోజూ వేడెక్కుతున్నాడు. సరిగ్గా ఎక్కుడు రోడ్డు సగంలో ముల్లు ఎర్ర గీత తాకుతుంది, బానెట్ కింద ఆవిరి బుసకొడుతుంది. బండక్క బండి పక్కకి ఆపి, చల్లారేదాకా కూర్చుని, మూత మీద గుడ్డ వేసి తిప్పి, అమ్మాల్సిన క్యాన్లోంచే నీళ్ళు పోస్తుంది. ఈలోగా మెరక వీధి వాళ్ళు గిన్నెలు పట్టుకుని గుమ్మాల్లో నిలబడి తిట్టుకుంటూ ఉంటారు.

మెకానిక్ బాబాయ్ షెడ్డులో మూడు రోజులు చూశాడు. థర్మోస్టాట్ మార్చాడు, ఫ్యాన్ బెల్టు బిగించాడు, రేడియేటర్ విప్పి కడిగాడు. గంటసేపు ఇంజిన్ ఆన్‌లో ఉంచితే ముల్లు మధ్యలో బుద్ధిగా కూర్చుంది.

"బండిలో ఏ లోపమూ లేదమ్మా," అన్నాడు బానెట్ మీద చెయ్యి వేసి. ముల్లు కదల్లేదు. "మరి నువ్వే చూసుకోవాలి."

ఆ మాట సాయంత్రానికల్లా వీధంతా పాకింది. షెడ్డులో ఉన్నంతసేపూ చల్లగా ఉండి, ఆవిడ ఒక్కతే నడుపుతుంటే కాగిపోతోందంటే అర్థమేమిటి? ఆవిడ తనతో తానే అబద్ధమాడుతోంది. ఏ అబద్ధమో కూడా వీధే తేల్చేసింది. ఎనిమిదేళ్ళ కిందట అత్తారింటి నుంచి ఒక సంచీతో వచ్చేసిన మనిషి, నేను హాయిగా ఉన్నానని ఊరంతా చెప్పుకు తిరుగుతోంది కదా, అదీ.

బండక్క అన్నయ్యకి ఇది వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. బండి కాగితాలు ఆయన పేరు మీదే ఉన్నాయి. ఇంటి దగ్గర బండి నిలిపే షెడ్డు మీద, తన కొట్టుకి గోడౌను చేసుకోవాలని, ఆయనకి ఎప్పట్నుంచో కన్నుంది.

"శుక్రవారం పాత ఇనుము కొనే ఆయన వస్తున్నాడు, బండి ఇచ్చేద్దాం," అన్నాడు గుమ్మంలో నిలబడి. "నువ్వూ ఆలోచించుకో. బావగారు ఇప్పటికీ రమ్మనే అంటున్నారు. నీ మనసులో ఏముందో బండే చెబుతోంది కదమ్మా."

"నా మనసులో ఏముందో నన్నడుగు, బండినడుగుతావేం?"

"నువ్వు నిజం చెప్పవు. అది చెబుతుంది."

బండక్కకి ఒళ్ళు మండిపోయింది. అత్తారింట్లో గుమ్మం దాటాలంటే ముగ్గురి అనుమతి కావాల్సి వచ్చేది. స్టీరింగ్ పట్టుకున్నాక ఆవిడ ఎవరినీ ఏదీ అడగలేదు. అయినా ఆ మధ్యాహ్నం పెద్దాయనలో కూర్చుని ఇంజిన్ ఆన్ చేసినప్పుడు ఆవిడకీ అనుమానం వచ్చింది. వీధి చెప్పిందే నిజమైతే? ఎనిమిదేళ్ళుగా తనని తానే మోసం చేసుకుంటుంటే?

ముందు ఒక పచ్చి అబద్ధం ఆడి చూసింది.

"నాకు వంట బ్రహ్మాండంగా వచ్చు."

ముల్లు ఎగిరి ఎర్ర గీతని తన్నింది. "సరే, రాదులే," అనగానే దిగింది. అప్పుడు రెండో మాట అంది.

"ఆ ఇంటికి తిరిగి వెళ్ళాలని నాకు లేదు."

ముల్లు కదల్లేదు. మళ్ళీ అంది, గట్టిగా అంది, కిటికీలోంచి రోడ్డు మీదకి వినబడేలా అంది. కదల్లేదు. బండక్క స్టీరింగ్ మీద తలపెట్టి కాసేపు ఏడ్చింది. బాధతో కాదు, బరువు దిగి. ఏడుపయ్యాక కోపం వచ్చింది, కోపంతోపాటు బుర్ర కూడా పనిచేసింది. అబద్ధం వేడి ఆగి ఉన్నా వస్తుంది, చటుక్కున వస్తుంది. రోడ్డు మీద వచ్చే వేడి అలా కాదు, నెమ్మదిగా, ఎత్తు ఎక్కుతూ ఇంజిన్ గట్టిగా అరుస్తున్నప్పుడే వస్తుంది. ఈ రెండూ ఒకటి కావు. బాబాయ్ అబద్ధం చెప్పలేదు, పొరపడ్డాడు. పెద్దాయనకి అబద్ధమే పడదు, పొరపాటు పట్టదు.

"వదినా!" అని కేకేసింది. "చేతిలో పని వదిలేసి రా!"

వదిన చీపురుతోనే వచ్చింది. బండక్క ఆవిడని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, కుడికాలి కింద పెడల్ చూపించింది.

"నేను తొక్కమన్నప్పుడు తొక్కు."

"అమ్మో, ఇది పరిగెడితేనో?"

"గేరులో లేదు, ఎక్కడికీ పోదు. తొక్కు."

వదిన పాముని తొక్కినట్టు తొక్కింది. పెద్దాయన గర్జించాడు. బండక్క బానెట్ కిందకి వంగి ఒక్కొక్కటే చూసింది. ఫ్యాన్ తిరుగుతోంది, బెల్టు జారడం లేదు. రేడియేటర్ అడుగు నుంచి పంపుకి నీళ్ళు తీసుకెళ్ళే కింది పైపు మాత్రం, ఇంజిన్ అరిచిన కొద్దీ, బుగ్గలు లోపలికి పీల్చుకున్నట్టు అణిగిపోతోంది. వదిన కాలు తీయగానే మళ్ళీ ఉబ్బింది.

"ఇంకోసారి తొక్కు!"

మళ్ళీ అణిగింది. పంపు నీళ్ళు లాగుతోంది, పైపు నోరు మూసుకుంటోంది. ఇంజిన్ నింపాదిగా నడిచే షెడ్డులో ఇది గంటలకొద్దీ చూసినా కనబడదు.

బాబాయ్ వచ్చి, ఇంజిన్ చల్లారాక పైపు విప్పి చూశాడు. అది అణగకుండా లోపల ఉండాల్సిన స్ప్రింగు తుప్పు పట్టి పొడైపోయింది. గుప్పెడు ఎర్ర పొడి అరచేతిలో పోసుకుని నెత్తి కొట్టుకున్నాడు.

"నిన్ను అనవసరంగా అన్నాను తల్లీ."

"నన్నన్నందుకు కాదు బాబాయ్, తొక్కి చూడనందుకు కొట్టుకో."

కొత్త పైపు, కొత్త స్ప్రింగు పడ్డాయి. శుక్రవారం పొద్దున పాత ఇనుము కొనే ఆయన వచ్చేసరికి నలభై క్యాన్లూ ఎక్కి ఉన్నాయి. వీధి వీధంతా గుమ్మాల్లో ఉంది. బండక్క తలుపు తెరిచి పట్టుకుంది.

"అన్నయ్యా, ఎక్కు. నిండు బరువుతో ఎక్కుడు రోడ్డు ఎక్కిస్తా, సగంలో నేను హాయిగా ఉన్నానని అంటా. ముల్లు లేచిందో, ఈ బండిని నేనే తోసుకెళ్ళి ఆయనకిచ్చి నువ్వు చెప్పిన ఇంటికి పోతా. లేవలేదో, కాగితాలు నా పేరు మీదకి మార్చు. అందరూ విన్నారుగా!"

అందరూ విన్నాక అన్నయ్య వెనక్కి తగ్గలేకపోయాడు. కాగితాలు జేబులో పెట్టుకుని ఎక్కాడు. ఎవరూ పిలవకుండానే వదిన కూడా ఎక్కి మధ్యలో సర్దుకుంది.

ఎక్కుడు రోడ్డులో పెద్దాయన మూలుగుతూ ఎక్కాడు. రోజూ ఆవిరి బుసకొట్టే మలుపు వచ్చింది. ముగ్గురి కళ్ళూ ముల్లు మీదే ఉన్నాయి.

"నేను హాయిగా ఉన్నాను," అంది బండక్క. "ఆ ఇంటికి చచ్చినా వెళ్ళను."

ముల్లు మధ్యలోనే ఉంది. మలుపు దాటింది, ఎత్తు దాటింది, మెరక వీధి కనబడింది, అప్పటికీ మధ్యలోనే ఉంది. అన్నయ్య కిటికీ బయటికి చూస్తూ గొణిగాడు.

"సరేలే. నేనేమన్నా నీ మంచి కోరే అన్నాను."

ముల్లు లేచింది. చటుక్కున, ఎర్ర గీత దాకా.

బండక్క బ్రేకు వేసి బండి పక్కకి ఆపింది. ఆవిడ అరవలేదు, చెయ్యి మాత్రం చాపింది. అన్నయ్య మొహం కందిపోయింది. జేబులోంచి కాగితాలు తీసి ఆ చేతిలో పెట్టాడు.

"షెడ్డు మీద ఆశపడ్డాను," అన్నాడు. ముల్లు మెల్లగా దిగడం మొదలుపెట్టింది.

"దిగన్నయ్యా. కాగితాలకి సంతకం రేపు పెడుదువుగాని. ఇవాళ నడిచి వెళ్ళు, నాకు క్యాన్లు దింపుకునే పనుంది."

ఆయన దిగాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "నువ్వూ రా," అన్నాడు పెళ్ళాంతో.

"నాకు మోకాళ్ళ నొప్పులండీ, అంత దూరం నడవలేను," అంది వదిన.

ముల్లు మళ్ళీ ఎర్ర గీత తాకింది. ఆడవాళ్ళిద్దరూ చూశారు. ఆయనకి అక్కణ్ణుంచి కనబడదు. తల ఊపి, వంకర రోడ్డు వెంట కిందకి నడుచుకుంటూ పోయాడు.

"వదినా," అంది బండక్క నవ్వాపుకుంటూ, "నిజం చెప్తేగానీ ఇది చల్లారదు."

వదిన భర్త మలుపు తిరిగేదాకా ఆగింది. కొంగు నడుముకి దోపుకుంది.

"నాకు నడపాలనుంది," అంది. "మొన్న తొక్కినప్పటి నుంచీ."

ముల్లు గబగబా దిగి మధ్యలో కూర్చుంది. బండక్క దిగి, బండి చుట్టూ తిరిగి వచ్చి, అవతలి తలుపులోంచి ఎక్కి కూర్చుంది.